మీ కదలికల వల్ల వేగం తగ్గింది

మంగళవారం రాత్రి ఉర్మాస్ లాప్‌టాప్
ఆయన్ని అడక్కుండానే కొత్త సిస్టమ్ వేసుకుంది.
తెల్లారేసరికి ఐకాన్ల మూలలు గుండ్రబడ్డాయి,
గడియారం ఓ మూలకి జరిగింది,
పద్నాలుగు వేల రెండొందల ఉత్తరాలు
ఉన్నచోటే ఉన్నాయి.
వెతికితే మాత్రం ఒక్కటీ పలకదు.

ఫోన్‌లో ఆయన అన్న మాట ఇదీ:
"త్రీన్, ఇంటినిండా మనుషులున్నారు,
పేరుపెట్టి పిలిస్తే ఒక్కరూ తలుపు తీయరు."

హాప్సలులో ఫిబ్రవరి. సముద్రం గట్టిపడి
పిల్లలు దానిమీద సైకిళ్ళు తొక్కుతున్నారు.
బూట్ల మంచు గుమ్మంలో దులుపుకుని
వర్క్‌షాపులోకి వెళ్ళాను.
ఉర్మాస్ చర్చి ఆర్గన్లు బాగుచేస్తాడు.
బల్లమీద వరసగా పడుకోబెట్టిన గొట్టాలు,
చిటికెన వేలంతది నుంచి మనిషంతది దాకా,
అన్నీ నోళ్ళు తెరుచుకుని.
ఒకదానికి పెదవి పగిలింది.
దాన్ని కరిగించి మళ్ళీ పోతపోయాలంటే
తగరం ఎంత, సీసం ఎంత అన్నది
ఒకానొక ఉత్తరంలో ఉంది.

నా ముందే కొట్టాడు: తగరం.
ఫలితాలు లేవు.
సీసం.
లేవు.
కోపమొచ్చి తన పేరే కొట్టాడు.
తనూ లేడు.

మూసి తెరిచాను, పదిమందిలో నలుగురికి అదే వైద్యం.
ఉత్తరాల ఫోల్డరు పక్కన టిక్కు తీసి, మళ్ళీ పెట్టాను.
చివరికి సూచిక మొత్తం చెరిపేసి
మొదట్నుంచి కట్టుకోమన్నాను.
సూచిక అంటే?
ఉత్తరాలు కాదు, ఏ మాట ఏ ఉత్తరంలో ఉందో
రాసిపెట్టుకున్న చిట్టా.
కొత్త గుమాస్తా వచ్చాడు,
పాతవాడి చేతిరాత కొరుకుడుపడక
చిట్టా పక్కన పారేశాడు అనుకోండి.
"జీతం ఎవరిస్తున్నారు వాడికి?" అన్నాడు.

మిగిలినవి 14,188.
మిగిలినవి 14,186.
కింద చీమతలకాయల్లాంటి అక్షరాల్లో:
మీ కదలికల వల్ల వేగం తగ్గింది.
నిజమే. మౌస్ కదుపుతూనే ఉన్నాడు,
ఉడికిందా అని నిమిషానికోసారి మూత తీసేవాళ్ళలా.
చెయ్యి తీయండి, అన్నాను,
మనం పక్కకి తప్పుకుంటేనే దానికి పని సాగేది.

ఖాళీ అయిన చేతుల్తో ఏంచేయాలో తోచక
ఓ చిన్న గొట్టం తీసి ఊదాడు.
పిచ్చుకంత స్వరం.
ఇంకోటి, కాస్త లావుది.
పగిలినదాన్ని కూడా ఎత్తి ఊదాడు,
గాలి వెళ్ళింది, అంతే.
"ఫలితాలు లేవు," అన్నాడు.

చీకటి పడింది. నల్లరొట్టె, పొగబెట్టిన చేప తిన్నాం,
ఇద్దరం తెరకి వీపు పెట్టి.
తిరిగి చూస్తే
మిగిలినవి సున్నా.

తగరం.
ఈసారి నాలుగొందల ఉత్తరాలు ఒక్కసారే లేచి నిలబడ్డాయి.
బిల్లులు, బేరాలు, ఓ పాస్టరుతో మూడేళ్ళ తగాదా,
తగరపు సైనికబొమ్మలు అమ్ముతామనే ప్రకటనలు.
ఆ ఒక్కటీ లేదు.

యంత్రం వైపు తప్పు అయిపోయింది.
నా సంచిలో ఇంకే పనిముట్టూ లేదు.
ఊరికే అడిగాను, రాసిందెవరని.
"ల్యూబెక్‌లో ఓట్‌మార్. మా మేస్త్రీ."
ఏ భాషలో రాస్తాడు?

ఉర్మాస్ నోరు
బల్లమీది గొట్టాల్లో ఒకటయింది.

తొమ్మిదేళ్ళుగా ఆ ఉత్తరం
ఆయన తలలో ఎస్టోనియన్‌లోనే ఉంది.
ఎప్పుడు తర్జుమా అయిందో ఆయనకే తెలీదు.
ఓట్‌మార్ గొంతు కూడా, తల్చుకుంటే,
ఈ వీధి యాసలోనే వినిపించేదట.

జర్మన్‌లో తగరానికి నాలుగే అక్షరాలు.
ఒక్కొక్కటే నొక్కాడు.
ఉత్తరం వచ్చింది, నిన్ననే రాసినంత నింపాదిగా.
డెబ్బై పాళ్ళు, ముప్పై పాళ్ళు.
కింద ఇంకో ముక్క, ఆయన పూర్తిగా మర్చిపోయింది:
పోశాక ముట్టుకోకు. ఊరికే చూస్తూ కూడా నిలబడకు.
నీ గురించి నాకు తెలుసు.

ఆయన నవ్వు నేను బూట్లు కట్టుకునేదాకా ఆగలేదు.
బిల్లు మెయిల్లో పంపమన్నాడు.
కాగితమ్మీద రాసి
పగిలిన గొట్టం కింద పెట్టి వచ్చాను.